చక్కెర తగ్గిందని చేసిన ఓళిగలు

మా అక్కకు చక్కెర తగ్గిందని మేము ఓళిగలు చేసుకుని తిన్నాం. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది. రాసి చూసుకుంటే ఇప్పుడు కూడా కొట్టెయ్యాలనిపిస్తోంది. అయినా కొట్టెయ్యను.

శనగపప్పు ఉడకేసి, బెల్లం కలిపి, పూర్ణం రుబ్బింది కూడా మా అక్కే. పెనం మీద నుంచి తీసిన మొదటి ఓళిగ నా పళ్లెంలో వేసి, పైన నెయ్యి పోసింది.

"నీ వల్లే గదరా దిగింది. నువ్వు తిను ముందు" అంది.

నేను తిన్నాను. నాలుగు తిన్నాను. ఆమె వద్దంటున్నా బలవంతం చేసి ఆమె చేత ఒకటిన్నర తినిపించాను. పక్కింటివాళ్లకు, ఎదురింటివాళ్లకు పంపించాం. ఆ రోజుకు ఆమె రెండు మూత్రపిండాలూ దాదాపు పనిచేయడం మానేశాయి. అది మాకు తెలియదు. తెలుసుకునే అవకాశం మాత్రం రెండుసార్లు మా ముందుకు వచ్చింది. రెండుసార్లూ నేను దాన్ని నవ్వులాట చేశాను.

నేను ధర్మవరంలో మగ్గాలకు పడుగు అతికేవాణ్ణి. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్తది తెచ్చి, పాత పోగు కొసకు కొత్త పోగు కొసను బొటనవేలితో, చూపుడువేలితో పురిపెట్టి కలుపుతూ పోవాలి. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటాం. వేలకొద్దీ పోగులు. ఒక్కటి తప్పినా చీర పొడుగునా గీత కనబడుతుంది. ఇన్నేళ్లలో నా చేతిలో పోగు తప్పిందని ఎవరూ అనలేదు. ఈ పని మీద ఊళ్లో ఎన్నో ఇళ్లలో గంటలకొద్దీ కూర్చున్నాను కాబట్టి ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో, ఎవరు ఏ మాత్ర మింగుతారో నాకు తెలుసు.

బడి ఏడో తరగతితో ఆగిపోయింది. మిగిలిన చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే సాగింది. ఈ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. సాయంత్రం చేతుల బూడిద కడుక్కుని వెళ్లి, తలుపులు మూసేదాకా చదివేవాణ్ణి. చరిత్ర, నక్షత్రాలు, పాములు, రాజ్యాంగం, వైద్యం, ఏది దొరికితే అది. పుస్తకాల్లో గీతలు గీసేవాళ్లంటే నాకు ఒళ్లు మండేది. ఎవరైనా పెన్సిలుతో గీసిన పుస్తకం దొరికితే రబ్బరుతో పేజీ పేజీ తుడిచి తిరిగి ఇచ్చేవాణ్ణి. "అన్నా, నాకిచ్చే జీతంలో సగం నీకియ్యాల" అని గ్రంథపాలకుడు నవ్వేవాడు. ఊళ్లో కొందరు నన్ను లైబ్రరీ డాక్టరు అనేవాళ్లు. వెక్కిరింపేనని తెలుసు. అయినా లోపల ఎక్కడో నచ్చేది.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ తొందరగా పోతే నన్ను పెంచింది ఆమే. బావ గుంత మగ్గంలో కూర్చుని నేస్తుంటే, పక్కనే నేలమీద రాట్నం పెట్టుకుని ఆమె పట్టు పోగును కండెలకు చుట్టేది. చక్కెర జబ్బు ముందు బావకు వచ్చింది. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం, అక్కడ బయటపడింది. అక్కకు ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆమెకు జ్వరం వస్తే డాక్టరు దాకా వెళ్లే ఆచారం మా ఇంట్లో లేదు. ఒకరోజు వీధిలోకి వచ్చిన ఆరోగ్య కార్యకర్త వేలు గుచ్చి చూస్తే యంత్రం పెద్ద అంకె చూపించింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఆమె బావ మాత్రల్లోంచే రోజుకొకటి తీసుకుని మింగేది. "ఇద్దరిదీ ఒకటే జబ్బు గదా, మల్ల వేరే మాత్రలేంటికి?" అనేది. అది పొదుపని మేమంతా మెచ్చుకున్నాం. మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత ఆమెకు ఆమె మాత్రలు వచ్చాయి. నెలనెలా మాత్రలిచ్చే సిస్టరమ్మ వేలు గుచ్చి చెప్పిన అంకెను అక్క రాట్నం వెనకున్న గోడమీద సుద్దముక్కతో రాసేది. రెండువందల ఎనభై, రెండువందల అరవై, మళ్లీ రెండువందల తొంభై. ఆ గోడ చూస్తే ఇంటికి వచ్చినవాళ్లకు ఆమె ఆరోగ్యం తెలిసినట్టే అనుకునేవాళ్లం.

మొదటి అవకాశం సావుకారు నోటి నుంచి వచ్చింది. బావ నేసేది ఆయనకే. పట్టు తేవడానికి అక్కతో పాటు నేనూ అంగడికి వెళ్లాను. సావుకారుది మా బావ వయసే. ఆయనకూ చక్కెర జబ్బు ఉంది, అదీ మా అక్క కంటే ఎక్కువ ఏళ్ల నుంచి. ఆ రోజు ఆయన పరుపు మీద కూర్చుని ఏదో కాగితం తిరగేస్తున్నాడు.

"ఏమమ్మా, నీకు గుడక చక్కెరుండాది గదా?" అన్నాడు.

"ఉండాది సామీ. శానా ఏండ్లాయ."

"ఉచ్చ పరీక్ష చేయించినావా ఎప్పుడన్నా? రక్తం గాదమ్మా, ఉచ్చ. దాంట్లో ప్రొటీను పోతాందేమో చూస్తారు. నాకు రవ్వంత పోతాండాదంట. బెంగళూరు డాక్టరు మొదట్లోనే పట్టుకున్యాడు, దానికొక మాత్ర ఇచ్చినాడు. ఉచ్చలో నురుగొస్తాంటే ఇడిసిపెట్టొద్దన్నాడు."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. అంగట్లో గుమాస్తాలు ఉన్నారు. బయటికి వచ్చాక నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏం మనిషిరా సామి! అంగట్లో కూచోని ఉచ్చ సంగతి మాట్లాడతాడే."

"దుడ్లెక్కువైతే అంతే అక్కా. ఉచ్చను గుడక బెంగళూరికి మోసుకొనిపోతారు" అన్నాను.

ఆమె నడిరోడ్డు మీద నిలబడి నవ్వింది. ఇంటికి వెళ్లి బావకు చెప్పింది, బావ పక్క మగ్గాలవాళ్లకు చెప్పాడు. వారం రోజులు ఆ వీధిలో అదే నవ్వు. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో జనానికి బాగా నచ్చింది అదే. ఇప్పుడు ఎవరైనా అది గుర్తు చేస్తే లేచి వెళ్లిపోతాను.

రెండో అవకాశం అక్క నోటి నుంచే వచ్చింది. వాళ్ల ఇంటి పక్కన అద్దకం పనివాళ్లు ఉంటారు. పచ్చి పట్టుకు జిగురు ఉంటుంది. సబ్బునీళ్లలో ఉడకబెట్టి అది తీస్తారు, ఆ నీళ్లన్నీ వీధి కాలవలోకి వదులుతారు. అందుకని ఆ కాలవ ఎప్పుడూ నురుగుతో తెల్లగా ఉంటుంది. అక్క వాళ్లు స్నానానికీ ఒంటికీ వెళ్లే బచ్చలింటి నీళ్లు కూడా అందులోకే పోతాయి. ఒకరోజు నేను పడుగు అతుకుతుంటే ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"బచ్చలింట్లో నురుగు నిలబడతాంది రా. నీళ్లు పోసినా పోదు."

"పక్కన పట్టు ఉడకేస్తాంటే నురుగు గాక పాలొస్తాయా?"

"అది గాదు రా..."

అంతలో బావ లోపలికి వచ్చాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సావుకారు చెప్పిన నురుగు నాకు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తు వచ్చింది. అది బెంగళూరు వెళ్లేవాళ్ల జబ్బు, మనది కాలవ నురుగు అనుకున్నాను. జబ్బుకు కూడా తాహతు ఉంటుందని నేను నమ్మాను. ఇన్ని పుస్తకాలు చదివినవాడు నమ్మవలసిన మాటేనా అది!

అదే సంవత్సరం గ్రంథాలయంలో ఆకుల వైద్యం పుస్తకం ఒకటి దొరికింది. అందులో పొడపత్రి ఆకు చక్కెరను విరుస్తుందని ఉంది. ఆ ఆకు మా గుట్టల దగ్గరే దొరుకుతుంది. నమిలి, తర్వాత బెల్లం నోట్లో వేసుకుంటే తీపి తెలియదు. నేను నమిలి చూశాను, నిజమే. అంతే, నాకు పుస్తకం మొత్తం నిజమైపోయింది. తెచ్చి ఎండబెట్టి పొడి చేసి అక్కకు ఇచ్చాను. ఉదయం ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా.

నాలుగైదు నెలలకు గోడమీద అంకెలు దిగడం మొదలుపెట్టాయి. రెండువందల పది. నూట డెబ్బై. నూట ముప్పై. నూట పది అయిన రోజు అక్క ఆ అంకె చుట్టూ పసుపుతో సున్నా చుట్టింది. ఒక మధ్యాహ్నం రాట్నం దగ్గర ఆమెకు చెమటలు పట్టి కళ్లు తిరిగాయి. చక్కెర నీళ్లు తాగించగానే తేరుకుంది. నేను ఆలోచించాను. ఆకు, మాత్ర రెండూ కలిసి చక్కెరను మరీ దించేస్తున్నాయి అనుకున్నాను. ఆకు ఎటూ పనిచేస్తోంది కాబట్టి మాత్ర అక్కర్లేదు అనుకున్నాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నా సొంత తెలివి. చదువుకున్నవాడి తెలివిలాగే వరసగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉంది.

"ఇంక మాత్రలు మానెయ్ అక్కా" అన్నాను.

"ఆ సిస్టరమ్మ తిడ్తాదేమో రా."

"ఆయమ్మకేం తెలుసు? గోడ చూడు."

ఆమె గోడ చూసింది. తర్వాత నన్ను చూసింది. మాత్రల డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టింది. ఆ ఆదివారం ఓళిగలు చేసింది.

నేను ఊరుకోలేదు. గ్రంథాలయంలో చెప్పాను, టీ అంగట్లో చెప్పాను, పడుగు అతకడానికి వెళ్లిన ఇళ్లలో చెప్పాను. ఆకు పొడి పొట్లాలు కట్టి ఐదారు ఇళ్లకు పంచాను. లైబ్రరీ డాక్టరు అనే మాటలో వెక్కిరింపు తగ్గినట్టు నాకు వినబడింది.

ఓళిగలు తిన్న నెలకో రెండు నెలలకో ఆమె కాళ్లు వాచాయి. గుంత మగ్గం ఇళ్లలో కాళ్ల వాపును ఎవరూ పట్టించుకోరు. రోజంతా కూర్చునేవాళ్లకు వాయక ఏమవుతాయి అంటారు. నొప్పులంటే బావ మందుల అంగట్లో నొప్పి మాత్రలు తెచ్చి ఇచ్చాడు. రోజుకు రెండు, ఒక్కోసారి మూడు. ఒళ్లంతా దురద పుడితే ఆమె కొబ్బరి పీచుతో రుద్దుకునేది. అన్నం ముందు కూర్చుంటే వాంతికి వచ్చేది. "నోట్లో రాగిచెంబు కరిచినట్ల ఉండాదిరా" అనేది. ముఖం పాలిపోయింది. రక్తం తక్కువైందని నేను బీట్‌రూటు తినమన్నాను. అదీ ఒక పుస్తకంలో చదివిందే.

ఒక ఉదయం ఊపిరి ఆడక, పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చుని మా వైపు చూసింది. నూట పది అంకె ఆమె తల పక్కనే ఉంది. ఆటోలో ఎక్కించి అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, కాగితాలు చూసి, మమ్మల్ని పిలిచింది. అక్క చక్రాల కుర్చీలో ఉంది, నేనూ బావా పక్కన నిలబడ్డాం.

"రెండు కిడ్నీలూ పోయినాయి. ఇంతవరకూ ఏం చేస్తాండారు మీరు?" అంది.

నేను ముందుకు వచ్చి, నాకు తెలిసిన వైద్య పదాలన్నీ కలిపి, చక్కెర మాత్రం పూర్తిగా అదుపులో ఉందని, ఏడాదిలో మాత్రలు కూడా మానేసేంతగా ఎలా దిగిందో చెప్పాను. ఆమె నన్ను ఆపకుండా విన్నది. విన్న తర్వాత మెల్లగా చెప్పింది.

"అది దిగడం కాదన్నా. ఒంట్లో ఇన్సులిను ఊరుతుంది గదా, దాన్ని పని అయినాక బయటికి పంపేదాంట్లో కిడ్నీలకు పెద్ద భాగముండాది. కిడ్నీలు చెడితే అది పోకుండా ఒంట్లోనే నిలబడిపోతాది. మింగిన మాత్ర గుడక ఎక్కువ సేపు నిలబడతాది. అందుకే చక్కెర తగ్గినట్లు అగుపడతాది. మందు మింగకుండానే తగ్గిందంటే సంతోషపడేది కాదు, భయపడాల. ఎప్పుడో ఉచ్చలో ప్రొటీను పోతాంటే చూసుకొనింటే ఇంకా శానా ఏండ్లు లాగొచ్చుండె."

 పసుపు సున్నా కళ్ల ముందు తిరిగింది.

"మాత్రలు ఎవరు మానమన్యారు?" అని అడిగింది డాక్టరమ్మ.

నేను ఆమె చేతిలోని కాగితాల వైపు చూపు తిప్పుకున్నాను.  భయంతో కాదు, సిగ్గుతో. అక్క అంది:

"ఎవరూ అనలేదు మా. నేనే మానేసినా. మింగి మింగి యాష్టకొచ్చి మానేసినా."

బావ నా వైపు చూడలేదు. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ కాగితంలో మా అక్క మాట వినని రోగిగా ఉండిపోయింది.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు డయాలిసిస్. పొద్దున్నే బస్సు, నాలుగు గంటలు యంత్రం మీద, మళ్లీ బస్సు. మొదటిసారి తిరిగి వస్తున్నప్పుడు బస్సులో అడిగాను.

"ఏంటికక్కా అట్ల చెప్పినావు?"

ఆమె కిటికీలోంచి ఎండిన శనక్కాయ చేలు చూస్తూ ఉంది.

"నువ్వు పది ఇండ్లకు పోయేవానివి. సదువుకున్నోడని పేరుండాది. ఆ పేరు పోతాది గదరా" అంది. కొంచెం ఆగి, "నాకేముండాది పోయేదానికి?" అంది.

ఆ యంత్రాల గదిలో పక్క మంచాల మీద ఎవరున్నారో చూశాను. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక ఆడమనిషి ఉండేది. మిషను ముందు నుంచి మాటిమాటికీ లేవకూడదని నీళ్లు తాగేదే కాదట. ఒళ్లు నొప్పులకు మా అక్క మింగిన మాత్రలే ఆమె కూడా మింగిందట, అవీ కిడ్నీలను చెరుస్తాయట. ఇంకో మంచం మీద గుంతకల్లు రైల్వేలో రిటైరైన పెద్దాయన. ఆయనకు తన కిడ్నీల సంగతి ఎన్నో ఏళ్ల ముందే తెలుసు. ఏటా పరీక్షలు చేసేవాళ్లట, మందులతో అన్నేళ్లు నెట్టుకొచ్చి ఇప్పుడు ఇక్కడికి వచ్చాడు. జబ్బు ముగ్గురిదీ ఒకటే. ఆయన తెలిసి నడిచి వచ్చాడు. మా ఆడవాళ్లిద్దరినీ మోసుకొచ్చి పడేశారు.

చక్కెర వల్ల కిడ్నీలు చెడి చనిపోయేవాళ్లు పెరుగుతున్నారని, పేదల్లో, ఆలస్యంగా తెలిసేవాళ్లలో అది మరీ ఎక్కువని డాక్టర్లు పత్రికల్లో రాస్తుంటారు. నేను అవి చదివేవాణ్ణి, కత్తిరించి దాచుకునేవాణ్ణి కూడా. ఆ రోజుల్లో మా ఊళ్లో నేను పడుగు అతికిన ఇళ్లను ఒక్కొక్కటే తలచుకున్నాను. ఏ ఇంట్లో మగ్గం ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది అని. కామెర్లన్నారు, ఉబ్బు అన్నారు, గుండె అన్నారు, ఎవరో చేతబడి అన్నారు. అందరికీ చక్కెర ఉండేది, అందరికీ కాళ్లు వాచాయి. ఎక్కువమంది యాభై దాటీ దాటకముందే పోయారు. అదే చక్కెర ఉన్న సావుకార్లు డెబ్బై దాటి, తెల్ల బూట్లు వేసుకుని, పొద్దున్నే హైస్కూలు మైదానంలో చేతులూపుకుంటూ నడుస్తున్నారు. వాళ్లు బతికినందుకు కాదు నాకు రోత. వాళ్లు బతకడం ఎలాగో ఊరంతా చూస్తూనే, అది మనకు వర్తించదని ఊరంతా ఒప్పుకుని కూర్చున్నందుకు.

ఊళ్లోవాళ్లు చూడటానికి వచ్చేవాళ్లు. కొబ్బరిబొండాల ఎలనీరు తాగితే కిడ్నీలు కడుక్కుపోతాయని కాయలు తెచ్చేవాళ్లు. డయాలిసిస్ మనిషికి ఎలనీరు ప్రాణం మీదికి తెస్తుందని చెబితే, "ఏమప్పా, దేవుడిచ్చిన నీళ్లు గదా" అనేవాళ్లు. సావుకారు సంచీడు బత్తాయిలు పంపించాడు. అవీ తినకూడదు. తర్వాత ఆయనే వచ్చి, "నేను ముందే చెప్తి గదమ్మా" అన్నాడు. నిజమే, చెప్పాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు దారి దొరకలేదు. దొరికి ఉంటే ఎంత సుఖంగా ఉండేదో! కొందరు బోరు నీళ్ల వల్లే ఇదంతా అన్నారు. ఆ మాట అందరికీ నచ్చేది. నీళ్లను తిడితే ఎవరి తప్పూ ఉండదు.

అక్కకు రోజుకు రెండు గ్లాసుల నీళ్లే తాగమన్నారు. ఒకరోజు ఇంటి ముందు కుళాయి కట్టేసేవాళ్లు లేక నీళ్లు పారిపోతుంటే చూస్తూ అంది:

"కొళాయి కాడ బిందె పెట్టేదానికి ఎంతమందితో కొట్లాడింటిరా నేను! ఇప్పుడు నీళ్లుండాయి. తాగొద్దంటాండారు."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఒక్కతే నవ్వింది.

ఆ రోజుల్లోనే మా గ్రంథాలయంలో రెండో బీరువా కింది అరలో నర్సులు చదువుకునే లావుపాటి తెలుగు పుస్తకం ఒకటి చూశాను. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంది. బొమ్మలు లేవని, అక్షరాలు చిన్నవని నేను ఎప్పుడూ తీయలేదు. డాక్టరమ్మ చెప్పిన మాట దాదాపు అలాగే అందులో ఉంది. చక్కెర ఉన్నవాళ్లకు ఏటా మూత్రంలో ప్రొటీను చూడాలని కూడా ఉంది. వెనక తేదీలు వేసే చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. ఆకుల వైద్యం పుస్తకం చీటీ మాత్రం నిండిపోయి, దాని మీద ఇంకో చీటీ అంటించారు. అందులో సగం ముద్రలు నావే.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ మూత్ర పరీక్షకు బెంగళూరు వెళ్లనక్కర్లేదు. మా ఊళ్లోనే, నేను రోజూ సైకిలు నిలిపే టీ అంగడికి నాలుగు గడపల అవతల ఉన్న ల్యాబులో చేస్తారు.

డయాలిసిస్ మొదలైన తొమ్మిదో నెలలో, ఒక పొద్దున రాట్నం ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. గుండె ఆగిపోయిందన్నారు. చేతిలో సగం చుట్టిన కండె ఉంది.

నేను ఆకు పంచిన ఇళ్లన్నిటికీ వెళ్లి, మాత్రలు మానొద్దని, మూత్రం చూపించుకోమని చెప్పాను. ఇద్దరు వెళ్లారు. మిగిలినవాళ్లు నా మొహం చూసి జాలిపడ్డారు. "అక్క పోయినాక మనిషి ఒక తీరుగైనాడు పాపం" అని ఒకావిడ నా వెనక అనడం విన్నాను. మాత్ర మానమంటే విన్నవాళ్లు, మింగమంటే వినలేదు.

మొన్న ఆమె సంవత్సరీకం జరిగింది. బంధువులంతా వచ్చారు. గోడమీద అంకెలు అలాగే ఉన్నాయి, బావ వాటి మీద సున్నం వేయనివ్వలేదు. భోజనాల దగ్గర అనంతపురం నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, "ఏమాయప్పా ఆయమ్మకు, బాగుండె గదా?" అని అడిగాడు. బావ గోడ చూపించాడు.

"సూడు మామా, ఎంత సక్కగా దిగిందో. ఏం లాభం? మాట వినే మనిషి గాదు. మాత్రలు మానేసింది. చేతులారా చేసుకొనింది."

అందరూ తలలూపారు. ఆడవాళ్లు వాళ్ల ఆరోగ్యం వాళ్లు చూసుకోరని ఎవరో అన్నారు. ఇంకెవరో, మొండితనం ఉంటే అంతే అన్నారు. నా విస్తట్లో ఓళిగ ఉంది, దాని మీద నెయ్యి ఉంది.

"ఆమె మానలేదు బావా" అన్నాను. "నేను మాన్పించినా. ఆస్పత్రిలో నా కోసరం అబద్ధం చెప్పింది."

 బావ ముఖంలో కోపం వస్తుందని ఎదురు చూశాను. రావాలని కోరుకున్నాను. రాలేదు. ఆయన నా పక్కకు వంగి, గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు.

"గమ్మునుండప్పా. నాకు తెల్దా? పోయినామె మీద మాట పడితే ఆయమ్మకు పోయేదేముండాది. బతికినోని మీద ఏంటికి? నువ్వు పది ఇండ్లకు పోయేవానివి."

అక్క బస్సులో అన్న మాట. ఆమె ప్రేమతో అంది. ఈయన నోట అది ఎంతో సులువుగా వచ్చింది. పెద్దాయన కూడా, "తిను నాయనా, తిను" అన్నాడు. నేను విస్తరి ముందు నుంచి లేచాను.

మరుసటి రోజు పొద్దున్నే వెళ్లి బావను ల్యాబుకు తీసుకెళ్లాను. తిడుతూనే వచ్చాడు. మూత్రం సీసాను పట్టు పొట్లంలా గుడ్డలో చుట్టి, చంకలో దాచుకుని నడిచాడు. ప్రొటీను కొద్దిగా పోతోంది. ఇప్పుడే తెలిసింది కాబట్టి మందు ఉంది. ఆయన కాగితం పట్టుకుని, "ఇంత సులువా?" అన్నాడు. 

అక్కడి నుంచి నేరుగా గ్రంథాలయానికి వెళ్లాను. ఆకుల వైద్యం పుస్తకం తీసి, పొడపత్రి ఉన్న పేజీ తెరిచి, జేబులోంచి పెన్సిలు తీశాను. నా జన్మలో మొదటిసారి గ్రంథాలయం పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. గ్రంథపాలకుడు ఎప్పుడు వచ్చాడో చూసుకోలేదు.

"ఏమన్నా, నువ్వేనా?" అన్నాడు.

పుస్తకం అతని వైపు తిప్పాను. అప్పటికి మూడు వరుసలు రాశాను. ఈ ఆకు వాడి చక్కెర తగ్గితే సంతోషపడకండి, ముందు మూత్రంలో ప్రొటీను చూపించుకోండి, మాత్రలు మానకండి అని. అతను నిలబడే చదివాడు. మా అక్క సంగతి అతనికి తెలుసు. జేబులోంచి పెన్ను తీసి నా ముందు పెట్టాడు.

"పెన్నుతో రాయన్నా. రబ్బరుతో తుడిచేవాళ్లుంటారు ఈడ."

పెన్ను తీసుకున్నాను. పెన్సిలు వరుసల మీదే మళ్లీ దిద్దాను. కింద ఇంకొక వరుస చేర్చాను: మా అక్క తనంతట తాను మాత్రలు మానలేదు, ఈ పుస్తకం చదివి నేను మాన్పించాను. సిరా ఆరేదాకా కూర్చుని, పుస్తకాన్ని తీసిన చోటే పెట్టి వచ్చాను.